లండను గ్రంథాలయమున బడిపిల్లలు

లండను నగరమునకు బోవు మనవారు సాధారణముగ రాజభవనమును, థేమ్సునదిపై వంతెనను, మ్యూజియమునందలి మమ్మీలను చూచి తిరిగి వత్తురు. గ్రంథాలయము చూడబోవుదమని మేమన్నప్పుడు, "పుస్తకములు చూచుట కింతదూరము రావలయునా?" యని మాతో వచ్చినవారే నవ్విరి. అయినను పోయితిమి. చదువుకొను బిడ్డలుగల తల్లులును, బడులలో పాఠములు చెప్పు సోదరీమణులును తెలిసికొనదగిన విషయములు కొన్ని అచట కానవచ్చుటచే ఈ నాలుగు మాటలును వ్రాయుచున్నాము.

సెంట్ పాంక్రాస్ రైలుస్టేషను ప్రక్కను, యూస్టను రోడ్డుమీద, ఎఱ్ఱని యిటుకలతో గట్టిన విశాలభవనమే బ్రిటిషు లైబ్రరి. ఈ పేరుతో నిది యేర్పడినది 1973వ సంవత్సరమున. అంతకుముందు ఇందలి గ్రంథరాశిలో ముఖ్యభాగము బ్రిటిషు మ్యూజియమునకు జేరియుండెను. ఇప్పటి భవనమును కాలిన్ సెయింట్ జాన్ విల్సన్ అను వాస్తుశిల్పి కల్పించెను. 1998లో ఎలిజబెత్తు రాణి దీనికి ప్రారంభోత్సవము జరిపెను. కట్టుచుండినంతకాలమును దీనిని తిట్టనివారు లేరట! నేటి రాజగు చార్లెసు, తాను యువరాజుగ నుండినపుడు, ఇందలి పఠనశాల రహస్యపోలీసులకు శిక్షణ యిచ్చు పాఠశాలవలె నున్నదని యెగతాళి చేసెను. మాకు మాత్ర మట్లు తోచలేదు. ఊరిలోని రణగొణధ్వని గుమ్మముకడనే ఆగిపోయి, లోన నడుగిడినంతనే మనసు కుదుటబడునట్లు కట్టినారు.

ముంగిట న్యూటను మహాశయుని పెద్ద కంచువిగ్రహము కలదు. ఆయన నడుము వంచి కూర్చుండి, కంపాసు చేతబట్టి నేలపై కొలతలు వేయుచుండును. లోపలి హాలులో మఱియొక వింత: తెఱచిన పుస్తకపు ఆకారమున చేసిన కంచుబల్ల. దానికి గొలుసును, గొలుసు చివర గుండును తగిలించియున్నవి. పూర్వము ఐరోపాలో పుస్తకములు దొంగలపాలు కాకుండ వానిని గొలుసులతో మేజాలకు బంధించుచుండెడివారు. ఈ శిల్పమును చూడగా ఆ సంగతి తలపునకు వచ్చును. పిల్లలు దానిమీద నెక్కి కూర్చుండుచున్నారు, వద్దనువారు లేరు. ఎదుట ఆరంతస్తుల యెత్తున గాజుగోడల గోపురము, దానినిండ తోలుబైండు గ్రంథములు. అవి మూడవ జార్జిరాజు కూర్చిన 65,000 సంపుటములు. ఆయన కుమారుడు 1823లో వానిని దేశమునకు సమర్పించెను.

ఇచట దాచిన వస్తువులు మొత్తము 17 కోట్లకు మించియున్నవి. బ్రిటనులో అచ్చయిన ప్రతి పుస్తకమునకు నొక్కొక్క ప్రతి ఇచటికి జేరవలెనని శాసనము. అయితే ఈ సంపదయంతయు నేలక్రింది అంతస్తులలోను, దూరపు గిడ్డంగులలోను ఉండును. కావలసినవారు ముందుగ చెప్పి తెప్పించుకొని పఠనశాలలో కూర్చుండి చదువుకొనవలెను. పఠనశాల ప్రవేశపత్రమో, సాధారణముగ 18 ఏండ్లు నిండినవారికే దొరకును. మఱి పదియేండ్ల పిల్లవాని గతి యేమి? దేశమంతటి సొత్తు అని చెప్పి, బిడ్డలకు మాత్రము తలుపు మూసిపెట్టుట న్యాయమా? ఈ చిక్కును విప్పుటకు వా రేర్పఱచుకొన్న దారులు మూడు: కొన్ని వస్తువులను వెలికిదెచ్చి ప్రదర్శించుట, బడిపిల్లలను రప్పించి కార్యశాలలు నడపుట, రాలేని బడులకు పాఠసామగ్రిని పంపుట.

నిత్యప్రదర్శనశాలకు ప్రవేశరుసుము లేదు. లోన నడుగుపెట్టినంతనే కన్నులు కానరావు, అంత మసక! దీపపుటెండలో పాతసిరా వెలిసిపోవును, తోలు పెళుసెక్కును. అందుచే ఇట్టి వస్తువులయెడ వెలుతురును కొలిచి, 50 లక్సులకు మించకుండ నుంచుట గ్రంథరక్షకులలో వాడుక. ఏ పుటనైనను చిరకాలము తెఱచియుంచరు. కొన్నాళ్లు చూపి, విశ్రాంతి కిచ్చి, మఱియొకదానిని పెట్టుదురు. మన యిండ్లలో పట్టుచీరలను ఎండకు చూపక దాచి, అప్పుడప్పుడు మడతలు మార్చుటవంటిదే ఇదియును. 1215 నాటి మాగ్నాకార్టా ప్రతులు నాలుగు మిగిలియుండగా రెండు ఇచటనే కలవు. చైనాదేశమున 868లో అచ్చైన వజ్రసూత్రము, గుటెన్‌బర్గు అచ్చొత్తిన బైబిలు, లియొనార్డో నోటుపుస్తకము మొదలగునవి ఈ గ్రంథాలయపు సొత్తు. వీనినిగూర్చి గైడుపుస్తకములలో కావలసినంత వ్రాసియున్నది గనుక మే మాగము.

మమ్ము నిలిపివేసినది మఱియొకటి. ఉపాధ్యాయినితో గూడ వచ్చిన బడిపిల్లల గుంపొకటి మేజాచుట్టును మూగి, ఒక వ్రాతపుటయొక్క ఛాయాప్రతిని పరిశీలించుచుండెను. పుటనిండ కొట్టివేతలు! పంక్తులమీద పంక్తులు గీతలు కొట్టి, నడుమ సందులలో సన్ననియక్షరములతో మరల వ్రాసియుండెను. అది జేన్ ఆస్టెన్ వ్రాసిన "పర్సుయేషన్" నవలలోని పుట. ఆ పిల్లలలో ఒకతె ఉపాధ్యాయినివంక తిరిగి, "ఇంత గొప్ప ఆమెకూడ తప్పులు వ్రాసెనా?" యని యడిగెను. "తప్పని యెవరు చెప్పిరి? మొదట నది బాగున్నదనుకొనెను. పిమ్మట మఱియొకటి యింకను బాగున్నదనుకొనెను" అని ఆమె జవాబు. ఆ బాలిక మరల పుటపై వంగి, కొట్టివేసిన మాటలను కూడబలుకుకొని చదువనారంభించెను. కొట్టివేయనివానికంటె వానిమీదనే ఆమెకు మక్కువ హెచ్చెను.

ఆ పుటల కథ వినదగినది. 1816 జూలైలో ఆస్టెన్ ఆ నవలను ముగించెను. ముగింపు తనకే రుచింపలేదు. అప్పటికే ఆమెకు దేహస్వాస్థ్యము తగ్గుచుండెను. మఱుసటి సంవత్సరము జూలైలో మరణించెను కూడ. అయినను విడువక చివరి యధ్యాయములను తీసివేసి, కొత్తగ వ్రాసెను. ఆమె ముగించి యచ్చునకు పంపిన నవలల వ్రాతప్రతు లేవియు నేడు లేవు. అచ్చు ముగిసినవెనుక వానిని దాచిన దిక్కులేదు. అచ్చునకు పోనందువలననే ఈ తీసివేసిన రెండధ్యాయములును ఇంట మిగిలినవి. ఆమె వలదనుకొన్న కాగితములే నేడు దేశమునకు పెన్నిధి!

ఆమె వ్రాతపెట్టెయు ఈ గ్రంథాలయమున కలదు. పైమూత ఏటవాలుగ తెఱచుకొని, వ్రాయుటకు బల్లయగును. లోన కాగితములకు, సిరాబుడ్డికి అఱలు. 1999లో ఆమె కుటుంబమువారే దీనిని గ్రంథాలయమున కిచ్చిరి. 1798లో ఆమె ప్రయాణములో నుండగా, డార్ట్‌ఫర్డు సత్రమున ఆమె పెట్టెలు పొరబాటున నింకొకరి బండి కెక్కినవి. ఆ బండివారు వెస్టిండీసు దీవులకు పోవ నోడరేవునకు బయలుదేరినవారు! గుఱ్ఱముమీద మనిషిని తఱిమి పంపగా రెండుమూడు మైళ్లలో పెట్టెలు దొరికినవి. తన సంపదయంతయు, అనగా ఏడు పౌండ్లు, ఆ వ్రాతపెట్టెలోనే యుండెనని ఆమె అక్కగారికి నవ్వుచు జాబు వ్రాసికొనెను. వ్రాసికొనుటకు ప్రత్యేకపు గదిలేని స్త్రీకి ఆ పెట్టెయే గది. ఇంటిపనినడుమ మూత తెఱచి వ్రాసి, ఎవరైన వచ్చినచో మూసివేయవచ్చును. మన సోదరీమణులలో ఈ యవస్థ నెఱుగనివా రెవరు?

పిల్లలకు చూపదగిన కొట్టివేతలు ఇంకను కలవు. విల్‌ఫ్రెడ్ ఓవెన్ అను యువకుడు 1917లో సైనికుల యాసుపత్రిలో నుండి యొక పద్యము వ్రాసెను. దాని చిత్తుప్రతిమీద సీగ్‌ఫ్రీడ్ ససూన్ అను తోటి సైనికకవి దస్తూరితో సవరణలు కలవు. ఒకరు వ్రాయగా మఱియొకరు పెన్సిలు పట్టుకొని, "ఇచట ఈ మాట యుండునా?" యని సూచించుట ఎట్లుండునో ఆ కాగితమే చెప్పును. 1918 నవంబరు 4న, యుద్ధము ఆగుటకు వారము దినములే యుండగా, ఓవెన్ మరణించెను. అచ్చుపుస్తకములో నా పద్యము చదివిన పిల్లవానికిని, ఆ గీతలు చూచిన పిల్లవానికిని కలుగు భావ మొక్కటి కాజాలదు.

ఆలిస్ కథయొక్క తొలిప్రతియు నిచటిదే. ఆక్స్‌ఫర్డులో గణితము బోధించు చార్లెసు డాడ్జిసన్ 1862 జూలై 4న పడవషికారులో ఆలిస్ లిడెల్ అను పదియేండ్ల బాలికకును, ఆమె అక్కచెల్లెండ్రకును కథ చెప్పెను. వ్రాసి యిమ్మని ఆ చిన్నది పట్టుపట్టగా, ముత్యములవంటి యక్షరములతో తానే వ్రాసి, బొమ్మలు తానే వేసి, 1864లో బహుమానముగ నిచ్చెను. ఆ బాలిక పెద్దదై, వృద్ధురాలై, భర్తను పోగొట్టుకొని, 1928లో ధనావసరమువలన దానిని వేలమున నమ్ముకొనవలసివచ్చెను. 15,400 పౌండ్లకు అమెరికావారు కొనుకొనిపోయిరి. యుద్ధానంతరము 1948లో అమెరికాలోని సహృదయులు కొందఱు ధనము పోగుచేసి, దానిని మరల కొని, బ్రిటిషు ప్రజలకు కానుకగ పంపిరి. ఒక పిల్ల "వ్రాసి యి"మ్మని మారాము చేయకుండినచో ఆ కథ ఏటిలోనే కలిసిపోయియుండెడిది.

ఇక కార్యశాలలనగా నేమో చెప్పుదుము. ఉపన్యాసములు కావు. పిల్లలను చిన్నచిన్న జట్టులుగ జేసి, పాతవస్తువుల ప్రతులను చేతికిచ్చి, వారిచేతనే మాటలాడింతురు. ఇది యెవరు వ్రాసిరి? ఎవరికొఱకు? ఏ కాగితముమీద? ఇందు చెప్పక విడిచిన దేమి? ఈ ప్రశ్నలకు సమాధానము పాఠ్యపుస్తకమున దొరకదు, కన్నులు పెట్టి వెదకవలసినదే. ఉపాధ్యాయులకు వేఱుగ శిక్షణదినములు కలవు. పిల్లలకు చూపుటకు ముందు టీచరుకూడ నొకమాఱు ఆ వస్తువును చూచి యాశ్చర్యపడవలెనని దాని యుద్దేశము కాబోలు. మేము దీనిని చాల మెచ్చుకొంటిమి.

పిల్లలచేత చేయించు పనులలో మాకు మిక్కిలి నచ్చినది బుల్లిపుస్తకములు కుట్టుట. దీనికి మూలము బ్రాంటీ సోదరీమణుల బాల్యమున కలదు. తల్లిలేని ఆ బిడ్డలు, షార్లెట్, ఎమిలీ, ఆన్, వారి సోదరుడు బ్రాన్వెల్, యార్క్‌షైరులోని హావర్తు గ్రామమున పెరిగిరి. 1826లో తండ్రి బ్రాన్వెలుకు కొయ్యసైనికుల బొమ్మలు తెచ్చియిచ్చెను. ఆ బొమ్మలు చదువుకొనుటకు వీలుగ, వాని పరిమాణమునకు తగినట్లు, అగ్గిపెట్టెయంత పుస్తకములను పిల్లలు తామే వ్రాసి కుట్టిరి. కాగితమునకు కఱవు గనుక చక్కెర పొట్లముల కాగితమును అట్టగా వేసిరి. అక్షరములు ఆవగింజలకంటె చిన్నవి. పెద్దలు చదువలేకుండుటయే వారికి కావలసినది! 1829లో పదమూడేండ్ల షార్లెటు వ్రాసిన కథాపుస్తకమొకటి ఈ గ్రంథాలయమున కలదు. అదే సంవత్సరమున ఆమె వ్రాసిన మఱియొక బుల్లిపుస్తకము, పేకముక్కకంటె పెద్దది కానిది, 2022లో పన్నెండున్నర లక్షల డాలర్లకు అమ్ముడుపోయి, దాతల పుణ్యమున హావర్తులోని వారి యింటికే తిరిగి చేరెను.

2020లో కరోనామహమ్మారిచే బడులు మూతపడి పిల్లలందఱు ఇండ్లలో చిక్కుకొన్నపుడు, ఈ గ్రంథాలయమువారు ఇట్టి బుల్లిపుస్తకములు చేయుడని దేశములోని పిల్లలకు పిలుపునిచ్చిరి. గ్రంథాలయమునకు పోలేని పిల్లలు తామే గ్రంథకర్తలై, బొమ్మలకొఱకు గ్రంథాలయములు పెట్టిరి. ఖర్చొక్క కాగితము, ఒక పెన్సిలు.

దూరపు బడులకొఱకు 2014 మొదలు "డిస్కవరింగ్ లిటరేచర్" అను పేర వ్రాతప్రతుల ఛాయాచిత్రములను, పండితుల వ్యాసములను, పాఠప్రణాళికలను కంప్యూటరుద్వారా ఉచితముగ నందజేసిరి. 2020లో బాలసాహిత్యమునకు వేఱుగ నొకటి కలిపిరి. సముద్రములకీవల నున్న మన యుపాధ్యాయులును వానిని వాడుకొనిరి. ఇంతలో 2023 అక్టోబరు నెలాఖరున దుండగులు ఆ గ్రంథాలయపు కంప్యూటరులలో చొరబడి, సమాచారము నపహరించి, యంత్రాంగమును పాడుచేసి, డబ్బిమ్మని బెదరించిరి. గ్రంథాలయమువారు లొంగలేదు. దొంగలు తాము దోచినదానిని బయటపెట్టిరి. పుస్తకముల ప్రధానపట్టిక 2024 జనవరిలోగాని మరల పాఠకులకు తెఱవబడలేదు. ఛాయాచిత్రములు, పాఠసామగ్రి అంతకంటె చాలకాలము అందలేదు. రేపటి పాఠమునకు దానినే నమ్ముకొన్న టీచర్ల చేతులు విఱిగినట్లయ్యెను. ఆ కాలమునందును గాజుబీరువాలోని కాగితము మాత్రము చెక్కుచెదరలేదు, పిల్లలు వచ్చి చూచుట మానలేదు. పాఠము నచ్చొత్తి యొక ప్రతిని బడిబీరువాలో దాచుకొన్న ఉపాధ్యాయిని పాతకాలపు మనిషియని యిక నెవ్వరు నవ్వరాదు.

తెలుగువారమైన మాకు ఆ భవనమున వేఱొక తలపు కలుగకపోలేదు. ఇండియా ఆఫీసు గ్రంథసంచయము 1982లో దీనియందు చేరినది. దానిలో కాలిన్ మెకంజీ దొర వేయించిన అమరావతి చిత్రములు కలవు. ఆయన 1798లో తొలిసారి ఆ దిబ్బను చూచెను. 1816లో మరల వచ్చి, పనివారిచేత శిల్పముల నొక్కటొక్కటిగ చిత్రింపజేసెను. ఆయనకు మన దేశచరిత్ర నెఱుకపఱచినవారు ఏలూరినుండి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. ఆ చిత్రములలోని శిలలు కొన్ని తరువాత నశించినవి, కొన్ని అదే నగరమున మ్యూజియము గోడల కెక్కినవి. చిత్రము లేకుండినచో నశించినదాని రూపు మనకు తెలియకుండెడిది, అది నిజము. కృష్ణయొడ్డున పుట్టిన బొమ్మను చూచుటకు గుంటూరు పిల్లవాడు థేమ్సుయొడ్డునకు పోవలసివచ్చుట, అదియు నిజమే. రెండును మనసున పెట్టుకొని మే మచట నిలిచితిమి.

మన దేశమున గ్రంథాలయములకు కొదవలేదు. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో పుట్టినది, వేటపాలెమున సారస్వతనికేతనము 1918లో.  అచటి బీరువాలలో నూఱేండ్లనాటి పత్రికలు, తొలిముద్రణలు కలవు. అయితే ఆ బీరువాలకు తాళములు, తాళములకు వెఱపు! పిల్లలు చించుదురేమో యని భయము. చించకుండ చూపుటెట్లో నేర్పవచ్చును గదా. ఒక్క శనివారపు పూట నలుగురేసి పిల్లలను పిలిచి, "కన్యాశుల్కము" రెండు కూర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూపరాదా? గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చొత్తించిన నాటకమును చాలునని విడువక, చాలవఱకు మార్చి పెంచి 1909లో మరల వెలువరించిరి. మహాకవియు తిరుగవ్రాసెనని పిల్లలు కన్నులార చూతురు. మన బడులలో కొట్టివేతలున్న కాగితమునకు మార్కులు తగ్గును. పిల్లలు తప్పు కనబడకుండ రబ్బరుతో రుద్ది కాగితమును చించుకొనుచున్నారు. లండనులో ఆ బాలిక గీతలను వ్రేలితో తడవుచు చదివినపుడు మాకు జ్ఞప్తికి వచ్చినది ఈ చినిగిన కాగితములే.

గ్రంథాలయమువారు ఎప్పుడు తాళము తీయుదురో గాని, బుల్లిపుస్తకము ఈ సాయంకాలమే చేయించవచ్చును. పొడుగుపాటి కాగితమొకటి తీసికొని వరుసగ మూడుమాఱులు సగమునకు మడచి విప్పిన, ఎనిమిది గళ్లు తేలును. పొట్టియంచులు రెండును కలియునట్లు ఒక్క మడత వేసి, మడతవైపునుండి నడిమిగీతవెంట ఒక గడి మేరకే కత్తిరింపవలెను. విప్పిచూచిన నడుమ రెండుగళ్ల పొడవున చీలిక కానవచ్చును. ఇపుడు పొడుగుటంచులు కలిపి నిలువుగ మడచి, రెండుకొనలను పట్టుకొని లోనికి నెట్టినచో, చీలిక విచ్చుకొని ఆకులు నాలుగువైపుల నిలుచును. వానిని చుట్టి యదిమిన, ముందట్ట, వెనుకట్ట పోగా ఆరుపుటల పుస్తకము. పంచదార పొట్లపు కాగితము పైన చుట్టి, వెన్నుప్రక్కన రెండు కుట్లు వేసిన నూడిపోదు. అమ్మాయి చేతికి పెన్సిలు మాత్రమిచ్చి, రబ్బరు పెట్టెలోనే యుంచుడు.